గురి ఎందుకు తప్పును?

నెల్లూరు కోస్తాలో తిరునాళ్లు జరుగు చోట రంగుల బుడగల అంగడి సాధారణముగా కనబడుచుండును. చెక్కపలకమీద వరుసలుగా కట్టిన బుడగలు, వాటి యెదుట ఒక బల్ల, బల్లమీద రెండు మూడు గాలి తుపాకులు - ఇంతే ఆ అంగడి సామగ్రి. కోట, వాకాడు, గూడూరు ప్రాంతముల పిల్లలకు తుపాకిని చేతితో ముట్టు అవకాశము ఇట్టి అంగడిలోనే కలుగును. ఒకడు నాలుగుమార్లు పేల్చియు ఒక్క బుడగనైనను పగులగొట్టలేక, తుపాకి వంకరయని దానిపై నేరము మోపును. పక్కనున్నవాడు చేయి వంకరయని నవ్వును.

ఆడలేక మద్దెల ఓడన్నట్లు అని పెద్దలు చెప్పుదురు. కాని మద్దెల నిజముగా ఓడై యుండుటయు కలదు. తప్పిన గురిలో తుపాకి పాలెంత, చేతి పాలెంత, ప్రకృతి పాలెంత యని వేరుచేసి చెప్పుట సాధ్యమా? సాధ్యమే. ఇందులకు కావలసినది హైస్కూలు విద్యార్థి నేర్చు గతిశాస్త్రము, కొద్దిపాటి గణితము మాత్రమే. గురి యనునది కొందరికి పుట్టుకతో వచ్చు వరమని పలువురు తలచుచుందురు. నిజమునకు అది దోషములను గుర్తించి, కొలిచి, ఒక్కొక్కదానిని తగ్గించుకొను విద్య.

గాలి తుపాకి పనిచేయు విధము

అంగడిలోని తుపాకి సాధారణముగా స్ప్రింగు తుపాకి. దాని గొట్టమును విరిచినట్లు క్రిందికి వంచినపుడు లోపలి బలమైన స్ప్రింగు నొక్కుకొని, ఒక కొక్కెమునకు తగులుకొని నిలుచును. వంచినవాని భుజబలమే స్ప్రింగులో స్థితిజశక్తిగా దాగియుండును. ట్రిగ్గరు నొక్కగానే కొక్కెము వదలిపోవును. స్ప్రింగు ఒక పిస్టనును ముందునకు నెట్టును. సైకిలు పంపులో వలె పిస్టను ముందరి గాలి ఇరుకున పడి, దాని పీడనము ఒక్కసారిగా పెరుగును. ఆ పీడనము సీసపు గుండును గొట్టము వెంట తరుమును.

ఈ గుండు వ్యాసము 4.5 మిల్లీమీటరులు. దాని ఆకారము నడుము సన్నగానుండు ఢమరుకమును పోలియుండును. తలభాగము బరువైనది, తోకభాగము బోలుగానుండును. బోలు తోక గాలి పీడనమునకు వికసించి గొట్టమునకు అతుక్కొనుటచే గాలి పక్కలనుండి జారిపోదు. గుండు బయటికి వచ్చిన పిదప బాణపు ఈకవలె ఆ తోక గాలిలో వెనుకబడి, తలను ముందువైపునకే నిలిపి యుంచును. గొట్టము లోపల మెలికలు తిరిగిన సన్నని గాడులుండును. వాటిని ఒరసికొనుచు వచ్చు గుండు తనచుట్టు తాను తిరుగుచు వెలువడును. తిరుగుచున్న బొంగరము ఒరిగిపోక నిలిచినట్లే, తిరుగుచున్న గుండును తన దిశను సులభముగా విడువదు.

పోటీలలో వాడు తుపాకి వేరు రకమైనది. దానిలో స్ప్రింగు ఉండదు. వాతావరణ పీడనమునకు సుమారు 200 రెట్లు పీడనముతో గాలి నింపిన చిన్న సిలిండరు గొట్టము క్రింద అమర్చియుండును. ప్రతి పేల్పునకు అందులోనుండి ఒకే పరిమాణములో గాలి విడుదలయగును. ఈ రెండింటికిని గల భేదము గురికి ముఖ్యమైనది. స్ప్రింగు తుపాకిలో గుండు గొట్టమును విడుచుటకు ముందే బరువైన పిస్టను కదలుటచే తుపాకి అంతయు అదరును. దానిని ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా పట్టుకొన్నచో అదరు తీరు మారి, గుండు పడు చోటును మారును. సిలిండరు తుపాకిలో ఈ అదురు మిక్కిలి స్వల్పము.

వేగమును కొలిచిన మహనీయుడు

పోటీ తుపాకి గుండు బరువు సుమారు 0.53 గ్రాములు, వేగము సెకండుకు సుమారు 170 మీటర్లు. అనగా గంటకు ఆరువందల కిలోమీటర్లకు మించినది. కంటికి కనబడని ఈ వేగమును తొలుత నమ్మదగిన రీతిలో కొలిచినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్ల గణితజ్ఞుడు. ఆయన 1742లో ప్రకటించిన గ్రంథములో ఒక అతిసులభమైన ఉపాయము చెప్పెను. బరువైన కొయ్యదిమ్మను లోలకమువలె వ్రేలాడదీసి, దానిలోనికి గుండును పేల్చవలెను. గుండు దిమ్మలో దిగబడి, రెండును కలసి మెల్లగా ఊగును. ఆ ఊపును కొలిచినచో గుండు వేగము లెక్కకు వచ్చును.

ఒక కిలోగ్రాము దిమ్మను ఒక మీటరు త్రాటితో వ్రేలాడదీసితిమనుకొందము. 0.53 గ్రాముల గుండు 170 మీటర్ల వేగముతో వచ్చి తగిలినచో, దాని ద్రవ్యవేగము దిమ్మకు సంక్రమించి, దిమ్మ సెకండుకు 9 సెంటీమీటర్ల వేగముతో కదలును. అది పైకి లేచు ఎత్తు అర మిల్లీమీటరుకు లోపే. కాని పక్కకు జరుగు దూరము సుమారు 29 మిల్లీమీటరులు. దీనిని సాధారణమైన స్కేలుతో కొలువవచ్చును. ఇందు గమనింపదగిన విశేషము మరియొకటి కలదు. ద్రవ్యవేగము నిలిచియున్నను గతిజశక్తి నిలువదు. గుండు తెచ్చిన శక్తి సుమారు 7.7 జౌళ్లు. దిమ్మకు దక్కిన గతిజశక్తి అందులో రెండువేలవ వంతు మాత్రమే. తక్కినదంతయు కొయ్యను చీల్చుటకును, సీసమును నలుపుటకును, వేడిగను వ్యయమైనది.

గాలి అడ్డు అంతవరకు పండితులు ఎంచినదానికన్న ఎన్నో రెట్లు హెచ్చని రాబిన్స్ ఈ లోలకముతోనే నిరూపించెను. గెలీలియో చెప్పిన పరవలయ మార్గము శూన్యములోనే సరిపోవునుగాని, వేగముగా పోవు గుండునకు సరిపోదని తేలెను. మహాగణితజ్ఞుడు ఆయిలర్ ఈ గ్రంథమును 1745లో తన వ్యాఖ్యతో జర్మన్ భాషలోనికి మార్చెను. రాబిన్స్ చివరిదినములు బంగాళాఖాతపు ఒడ్డుననే గడచినవి. ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేయించుటకు ఇంజనీరుగా 1750లో భారతదేశమునకు వచ్చిన ఆయన, 1751 జూలైలో కడలూరు సమీపమునగల సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను. కోట, వాకాడులకు దక్షిణముగా ఇదే తీరము వెంట పోయినచో ఆ స్థలము వచ్చును.

గుండు నేరుగా పోదు

గొట్టము సరిగా గురివైపునకు చూపుచున్నచో గుండు నేరుగా పోయి తగులునని సామాన్యులు తలంతురు. పోటీలలో గురి అట్ట 10 మీటర్ల దూరములో నుండును. సెకండుకు 170 మీటర్ల వేగముగల గుండు ఆ దూరమును దాటుటకు 0.059 సెకండులు పట్టును. ఆ కొద్దికాలములోనే గురుత్వాకర్షణ దానిని క్రిందికి లాగును. పడిన దూరము ½gt² అను సూత్రము ప్రకారము 17 మిల్లీమీటరులు. గాలి అడ్డువలన వేగము తగ్గుటచే ఇది ఇంకను కొంచెము హెచ్చగును.

పదిహేడు మిల్లీమీటరులు ఏపాటి యనిపించవచ్చును. గురి అట్ట కొలతలను చూచినచో దాని విలువ తెలియును. 10 మీటర్ల రైఫిల్ పోటీలో పది మార్కుల నడిబొట్టు వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే. దానిచుట్టు ఒక్కొక్క వలయము 2.5 మిల్లీమీటరుల వెడల్పున నుండును. గుండు అంచు బొట్టును తాకినను పది మార్కులు లభించును. గనుక గుండు కేంద్రము అట్ట కేంద్రమునుండి 2.5 మిల్లీమీటరులకు మించి తొలగరాదు. ఆకర్షణవలన కలుగు పతనము దీనికి దాదాపు ఏడురెట్లు. లెక్కలోనికి తీసికొననిచో ఎంతటి స్థిరహస్తుడైనను మూడు మార్కుల వలయములోనే కొట్టును.

అందువలన చూపురేఖకు గొట్టమును అతిస్వల్పముగా పైకి ఎత్తియుంచునట్లు గురిగుర్తులను అమర్చుదురు. చూపు తిన్నగా పోవును. గుండు కొంచెము పైకి లేచి, వంగి, నిర్ణీతదూరములో చూపురేఖను కలిసికొనును. ఒక దూరమునకు సరిచేసిన తుపాకి మరియొక దూరమున తప్పుటకు కారణమిదే. ఇది తుపాకి నేరము కాదు, చేతి నేరమును కాదు. దూరమును మార్చి గుర్తులను మార్చకపోవుటయే నేరము.

ఆరుబయట దూరపు గురులను కొట్టునపుడు గాలియు తోడగును. సముద్రతీరములో పగటివేళ నేల వేడెక్కినకొలది కడలినుండి గాలి బలముగా వీచును. ఆ గాలికి అడ్డముగా పోవు గుండు పక్కకు తేలిపోవును. అందుచే 50 మీటర్ల మైదానములలో చిన్న చిన్న జెండాలు నాటి, వాటి రెపరెపలను గమనించుచు పేల్చుదురు. 10 మీటర్ల పోటీలు గదులలో జరుగుటచే ఈ చిక్కు ఉండదు.

కనబడని బొట్టును కొట్టుట ఎట్లు?

ఆరోగ్యవంతమైన కన్ను రెండు చుక్కలను వేరుగా చూడవలెనన్నచో వాటిమధ్య సుమారు ఒక నిమిషకోణము ఎడముండవలెను. 10 మీటర్ల దూరములో ఇది దాదాపు 2.9 మిల్లీమీటరులు. అట్టి కంటికి అర మిల్లీమీటరు బొట్టు అంత దూరమునుండి వివరముగా కనబడుటకు వీలులేదు. అయినను మంచి షూటరు దానినే మాటిమాటికి కొట్టుచుండును. ఇది ఎట్లు సాధ్యము?

నుదుట బొట్టు ఏకొంచెము పక్కకు జరిగినను చూచినవారికి వెంటనే తెలియును. దానిని ఎవరును స్కేలుతో కొలువరు. సౌష్ఠవము చెడుటను గుర్తించుటలో కన్ను అద్భుతమైన నిపుణత గలది. విడివిడి చుక్కలను గుర్తించు శక్తికన్న ఈ శక్తి ఎన్నోరెట్లు సూక్ష్మమైనది. గురిగుర్తుల నిర్మాణము ఈ శక్తిపైననే ఆధారపడినది. తుపాకి వెనుక సన్నని రంధ్రముగల బిళ్ల యొకటి, ముందు చిన్న వలయమొకటి యుండును. అట్టమీద 30.5 మిల్లీమీటరుల నల్లని వృత్తము కనబడును. వెనుక రంధ్రములో ముందు వలయము, ముందు వలయములో నల్లని వృత్తము - మూడును ఏకకేంద్రముగా అమరినచో చాలును. కనబడని నడిబొట్టు తనంతట తానే కేంద్రములో నుండును.

కన్ను ఒకేసారి దగ్గరి వస్తువును, దూరపు వస్తువును స్పష్టముగా చూడలేదు. కావున షూటరు తన చూపును ముందు వలయముపైననే నిలుపును. అట్టమీది నల్లని వృత్తము కొంచెము మసకగా కనబడినను చింతలేదు. వెనుకనున్న సన్నని రంధ్రము ఈ మసకను చాలవరకు తగ్గించును. దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. హ్రస్వదృష్టిగల విద్యార్థి కళ్లద్దములు తీసి, అట్టముక్కలో గుండుసూదితో పొడిచిన రంధ్రముగుండా నల్లబల్లను చూచినచో, అంతకుముందు అలుక్కుపోయిన అక్షరములు స్పష్టపడును.

ఊగుచుండు దేహము

ముందు గుర్తునకు, వెనుక గుర్తునకు నడుమ 80 సెంటీమీటర్ల దూరమున్నదనుకొందము. అట్టమీద గుండు 2.5 మిల్లీమీటరులు తొలగుటకు ఈ రెండు గుర్తులలో ఒకటి 0.2 మిల్లీమీటరు జరిగినచో చాలును. అది రెండు మూడు వెంట్రుకల మందము. ఐదు కిలోల తుపాకిని నిలువబడి పట్టుకొన్న మనిషి దేహము అంతమాత్రము కదలకుండునా?

దేహము ఎన్నడును పూర్తిగా కదలక ఉండదు. కండరములు సెకండుకు ఎనిమిది మొదలు పన్నెండుమార్లు సన్నగా వణకుచుండును. ఊపిరి పీల్చినపుడు ఎదతోపాటు తుపాకియు లేచును. గుండె కొట్టుకొనిన ప్రతిమారు రక్తపు తాకిడికి గొట్టపు కొన అదరును. వీటిని రూపుమాపుట అసాధ్యము. వాటి ప్రభావమును తగ్గించుటయే సాధన.

కండరము అలసిపోవును, ఎముక అలసిపోదు. నీళ్లబిందెను చంకనెత్తుకొను స్త్రీ దాని బరువును చేతిమీద మోయక నడుముపై ఆనించును. రైఫిల్ షూటరు నిలుచు పద్ధతియు అట్టిదే. ఎడమ మోచేతిని తుంటిఎముకపై ఆనించి, తుపాకి బరువును ఎముకల మీదుగా నేలకు దింపును. ఊపిరిని కొంత వదలి, సహజముగా కలుగు విరామములో కొన్ని సెకండులు నిలిపి, ఆలోగా పేల్చును. అంతలో పేలకపోయినచో తుపాకిని దించి, మరల మొదలుపెట్టును. ఊపిరిని ఎక్కువసేపు బిగబట్టినచో చూపు చెదరి, వణకు హెచ్చును.

మందమైన కాన్వాసు కోటు, చేతితొడుగు, గట్టి అడుగుగల బూట్లు ఇందులకే ఏర్పడినవి. అవి గుండె అదురును మెత్తబరచి, నడుమును నిలుపును. మితిమీరిన సాయము కలుగకుండ వాటి మందమునకును, బిరుసునకును నియమములు విధించినారు. తుపాకి బరువు 5.5 కిలోలకు మించరాదు. ఒక కన్ను మూసినచో ముఖకండరములు బిగిసి రెండవ కన్నును అలయును. గనుక రెండుకళ్లును తెరచి, గురిచూడని కంటికి చిన్న అట్ట అడ్డముగా పెట్టుకొందురు.

అన్నిటికన్న ముఖ్యమైనది చూపుడువేలు. ట్రిగ్గరును గుంజినచో తుపాకి పక్కకు తిరుగును. నిమ్మపండును పిండునట్లు క్రమముగా నొక్కవలెను. ట్రిగ్గరు కదలిన తరువాత గుండు గొట్టమును విడుచుటకు కొన్ని మిల్లీసెకండులు పట్టును. ఆ లోపల కలిగిన ప్రతి కదలికయు గుండుతోపాటు అట్టకు చేరును. అందువలన పేలిన పిదపను క్షణకాలము తుపాకిని అట్లే నిలిపియుంచుట అలవాటు చేయుదురు. అభ్యాసములో పెద్దభాగము గుండు లేకుండనే జరుగును. పోటీ తుపాకులలో ఇందులకు ప్రత్యేకపు అమరిక యుండును. స్ప్రింగు తుపాకిని మాత్రము గుండు లేక పేల్చరాదు. ఎదుట అడ్డులేని పిస్టను గోడకు గట్టిగా కొట్టుకొని పాడగును.

రెండు విధముల దోషము

ఇక మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. తుపాకి వంకరా, చేయి వంకరా? ఒక గుండుతో ఇది తేలదు. ఒకే గురిపై అయిదు గుండ్లు పేల్చి, అవి పడిన చోట్లను కొలువవలెను. రాముడు, సోముడు అను ఇద్దరు విద్యార్థులు పేల్చినారనుకొందము. కేంద్రమునకు కుడివైపు దూరమును ధనముగను, ఎడమవైపు దూరమును ఋణముగను వ్రాసినచో, రాముని గుండ్లు +11, +13, +12, +14, +10 మిల్లీమీటరుల వద్ద పడినవి. సోముని గుండ్లు -9, +8, +1, -6, +6 వద్ద పడినవి.

రాముని అయిదు గుండ్లలో ఒక్కటియు కేంద్రమునకు దరిదాపులకు రాలేదు. సోమునిది ఒకటి దాదాపు నడిబొట్టుననే తగిలినది. చూచువారు సోమునే మెచ్చుకొందురు. కాని లెక్క వేరుగా చెప్పుచున్నది. రాముని సగటు +12. ఏ గుండును ఆ సగటునుండి 2 మిల్లీమీటరులకు మించి తొలగలేదు. సోముని సగటు సున్న. కాని గుండ్లు ఇరువైపుల 9 మిల్లీమీటరుల వరకు చెదరినవి. రాముని దోషము స్థిరదోషము. ఇది తుపాకి గుర్తులది. వెనుక గుర్తును సుమారు ఒక మిల్లీమీటరు ఎడమకు జరిపినచో అతని గుండ్లన్నియు కేంద్రముచుట్టు చేరును. సోముని దోషము చెదరుదోషము. దానిని ఏ మరను త్రిప్పియు సరిచేయుటకు వీలులేదు. నిలుకడ, ఊపిరి, వ్రేలు - వీటి అభ్యాసముననే అది తగ్గును.

గుండ్లన్నియు ఒకేచోట గుమిగూడి, ఆ చోటు తప్పుచోటైనచో నేరము మద్దెలది. గుండ్లు నలుదిక్కుల చెదరినచో నేరము సాధారణముగా ఆటగానిది. అరిగిన గొట్టము, సొట్టపడిన గుండు కూడ కొంత కారణము కావచ్చును. దానిని తేల్చుటకు తుపాకిని బల్లపై బిగించి పేల్చిచూతురు. ఈ వివేచన తుపాకికి మాత్రమే చెందినది కాదు. ప్రయోగశాలలో త్రాసు, ఉష్ణమాపకము, గడియారము - ఏ పరికరముతో కొలిచినను ఈ రెండుదోషములే ఎదురగును. ఒకే కొలత తీసికొని తృప్తిపడరాదని ఉపాధ్యాయులు చెప్పుటకు కారణమిదే.

వెంట్రుకవాసిలో విజయము

ఈ సూక్ష్మతవలన ఎంతటి ఫలితము తారుమారగునో క్రీడారంగము చూపుచున్నది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సులో ప్రవేశపెట్టబడెను. చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2008లో బీజింగులో ఈ పోటీలో 600కు 595 మార్కులు సాధించెను. ఫైనలులో చివరిస్థానమునకు మార్కులు సమానమైనను, సమానుల నడుమ వరుస నిర్ణయించు లెక్కలో ఆయన వెనుకబడి ఫైనలునకు చేరలేకపోయెను. ఆ పోటీలోనే అభినవ్ బింద్రా చివరి గుండునకు 10.8 సాధించి స్వర్ణపతకము గెలిచెను.

నారంగ్ నాలుగు సంవత్సరములు సాధన సాగించి, 2012లో లండనులో కాంస్యపతకము పొందెను. అచ్చట స్వర్ణవిజేత రుమేనియా దేశీయుడు మోల్డోవియాను మొత్తము 702.1, ఇటలీ దేశీయుడు కాంప్రియాని 701.5, నారంగ్ 701.1. డెబ్బది గుండ్ల తరువాత వెండికిని కంచుకును నడుమ మిగిలినది 0.4 మాత్రమే. ఫైనలులో పదవ వలయమును మరల 0.25 మిల్లీమీటరుల మెట్లుగా విభజించి 10.0 మొదలు 10.9 వరకు మార్కులిత్తురు. కావున 0.4 అనగా ఒక గుండు ఒక్క మిల్లీమీటరు దగ్గరగా పడుట.

హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2018లో పదమూడేండ్ల ప్రాయముననే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ విజేతగా నిలిచెను. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఆమె ఒక స్వర్ణముతోపాటు మూడు రజతపతకములు గెలిచెను. పిస్టలును ఒక్కచేతితోనే చాచి పట్టవలెను; దానికి తుంటి ఆసరా యుండదు. గనుక పిస్టలు అట్టమీద పదిమార్కుల వృత్తము 11.5 మిల్లీమీటరులకు పెంచబడినది. దేహపు వణకును నియమములే ఈ విధముగా అంగీకరించినవి.

వెలువడిన గుండు తిరిగిరాదు

కోటకు దక్షిణముగా, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట కలదు. అచ్చటనుండి 1980 జూలై 18న ఎస్.ఎల్.వి-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో ప్రవేశపెట్టెను. ఉపగ్రహమును మోయు రాకెట్టు తన దిశ తప్పుటను దారిలోనే గ్రహించి సరిదిద్దుకొనగలదు. గుండునకు అట్టి సామర్థ్యము లేదు. గొట్టమును విడిచిన క్షణమునుండి దానిపై ఎవరికిని అధికారముండదు. చేయదగిన సవరణలన్నియు అంతకుముందే చేయవలెను.

ఈ మాట మార్కులకన్న ప్రాణములకు ఎక్కువ వర్తించును. గాలి తుపాకి ఆటబొమ్మ కాదు. 7.7 జౌళ్ల శక్తి అనగా కిలో బరువు 78 సెంటీమీటర్ల ఎత్తునుండి పడిన తాకిడి. ఆ తాకిడి యంతయు శనగగింజకన్న చిన్నదైన స్థలముపై పడును. అది కంటికి తగిలినచో చూపు పోవును. అంగడి తుపాకిని పిల్లలు చేతబట్టినపుడు పెద్దలు గుర్తుంచుకొనవలసిన నియమములు నాలుగు. ప్రతి తుపాకిలోను గుండు ఉన్నదనియే ఎంచవలెను. గొట్టమును మనుష్యులవైపు త్రిప్పరాదు. గురిచూచి పేల్చ నిశ్చయించువరకు వ్రేలు ట్రిగ్గరుపై పెట్టరాదు. గురిని మాత్రమే కాక గురి వెనుకనేమున్నదో కూడ చూడవలెను. గుండు గట్టి పలకకు తగిలి వెనుకకు చిందుటయు కలదు. కావున కళ్లకు అద్దములు అవసరము. 2016 ఆయుధ నియమావళి ప్రకారము 20 జౌళ్లకు మించిన శక్తిగల గాలి తుపాకికి లైసెన్సు కావలెను.

పక్షులపై గురి అభ్యసించుట నేరము. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షుల వేటను నిషేధించినది. పులికాటులో దిగు ఫ్లెమింగోలును, 1976లో సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడిన నేలపట్టులో గూళ్లు కట్టు గూడబాతులును ఈ తీరపు సంపద. పక్షిని కొట్టినవానికి తన దోషమెంతయో తెలియదు. గుండు ఎచ్చట తగిలినదో కొలుచుటకు అచ్చట వలయములు లేవు. గురి నేర్వదలచినవానికి కాగితపు అట్టయే ఉత్తమగురువు.

తుపాకి లేకుండ తరగతిలో చేయు ప్రయోగము

గురిలోని గణితమును నేర్చుటకు తుపాకియే అవసరములేదు. ఒక గోలీ, గాడిగల స్కేలు, తెల్లకాగితము, కార్బను కాగితము చాలును. స్కేలును బల్లమీద ఏటవాలుగా నిలిపి, గోలీ దానిపైనుండి దొర్లి, బల్ల అంచునుండి అడ్డముగా దూకునట్లు అమర్చవలెను. నేలపై గోలీ పడుచోట తెల్లకాగితము పరచి, దానిపై కార్బను కాగితము బోర్లింపవలెను. గోలీ పడిన ప్రతిచోట ఒక చుక్క ఏర్పడును.

బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లయినచో గోలీ పడుటకు 0.39 సెకండులు పట్టును. అది బల్లఅంచునుండి 59 సెంటీమీటర్ల దూరమున పడినచో, అంచును విడిచినపుడు దాని వేగము సెకండుకు సుమారు 1.5 మీటర్లు. స్కేలుపై ఒకే గుర్తునుండి ఇరువదిమార్లు గోలీని వదలి, చుక్కల సగటుస్థానమును, సగటునుండి ఒక్కొక్క చుక్క తొలగిన దూరమును పట్టికగా వ్రాయవలెను. పిదప వదలు గుర్తును ఒక సెంటీమీటరు పైకి మార్చి, మరల ఇరువదిమార్లు వదలవలెను. చుక్కల గుంపు మొత్తముగా దూరము జరుగును. గుంపు వెడల్పు మాత్రము దాదాపు అంతే యుండును. గోలీని వ్రేళ్లతో వదలుటకు బదులు అడ్డుగా పెట్టిన అట్టముక్కను తొలగించి వదలినచో గుంపు ఇరుకగును. మొదటి మార్పు స్థిరదోషమును, రెండవ మార్పు చెదరుదోషమును చూపును.

పట్టికను వ్రాయునపుడు దూరముగా పడిన చుక్కను చేయిజారినదని చెప్పి వదలివేయ బుద్ధిపుట్టును. అట్లు వదలరాదు. ఇరువది చుక్కలను ఉన్నవి ఉన్నట్లు కొలిచి వ్రాసిన విద్యార్థికి తన దోషమెంతయో తెలియును. దోషము తెలిసినవాడే దానిని తగ్గించుకొనగలడు.